టీచరమ్మ నడక

లోకో షెడ్డులో పొద్దుటి కూత వినిపించేసరికి ఎలిశబెతు వరండా మెట్టు మీద కూర్చుని బూట్ల తాళ్లు ముడి వేసుకుంటోంది. కావలి బజారులో కొన్న తెల్ల కాన్వాసు బూట్లవి. తెల్లచీర కుచ్చెళ్ల కింద అవి ఎవరి కంటికైనా వింతగానే కనిపిస్తాయి. బిట్రగుంట రైలు కాలనీలో ఒకప్పుడు దొరసానులు మాత్రమే బూట్లు తొడిగేవారు. వాళ్లు వెళ్లిపోయాక, ఎలిశబెతు టీచరమ్మ తొడిగేదాకా, ఆ వీధిలో ఆడవాళ్ల కాళ్లకు బూట్లు లేవు.

అత్త మగ్దలీనమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. కోడలి వైపు చూడలేదు. చూడకుండానే అంది.

"ఈ శనివారం కూడానా?"

"ఈ శనివారం కూడా, అత్తా."

"ఆ దేశంలో ఏదో కొండ కొసన లోకాంతం అని ఒక చోటు ఉండాదంటివే. లోకాంతం వస్తాది, సిద్ధపడండని పాస్టరుగారు ప్రతి ఆదివారం చెప్తానే ఉండాడు. అది వచ్చేదాకా ఆగలేవా? నువ్వే ఎదురు పోవాల్నా?"

ఎలిశబెతుకు నవ్వు వచ్చింది. నవ్వితే అత్త చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోతుందని తెలుసు. అందుకని తల వంచుకుని రెండో బూటు తాడు బిగించింది.

సిలోను కొండల మాట ఆ ఇంట్లోకి తెచ్చింది జ్ఞానమణి. ఎలిశబెతూ ఆమే కలిసి టీచరు ట్రైనింగు చదువుకున్నారు. జ్ఞానమణిది తడ దగ్గర ఊరు. పెళ్లయ్యాక భర్తతో సముద్రం దాటి సిలోను వెళ్లింది, అక్కడ టీ తోటల బడిలో ఇద్దరూ టీచర్లు. మూడు నాలుగేళ్లకోసారి పుట్టింటికి వచ్చినప్పుడు బిట్రగుంటలో దిగి ఒక పూట ఉండి పోయేది. ఓడలో వెళ్లి ఆ ఒడ్డున తలమన్నారు రేవులో దిగిన మనిషి రైల్లో కూర్చుంటే, ఆ రైలు కొండల్లోకి ఎక్కుతూనే ఉంటుందట. ఎక్కిన కొద్దీ చలి. ఒక తోట నుంచి ఇంకో తోటకు కాలిబాటలు. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి మబ్బులు కాళ్ల కింద ఉంటాయట. చివరికి భూమి ఒక్కసారిగా తెగిపోయి, కింద ఎక్కడో లోయ కనిపించే చోటుంది. దాని పేరే లోకాంతం.

ఆ మాటలు విని ముందు ఆశపడింది ఎలిశబెతు. పుట్టినప్పటి నుంచీ ఆమె చూసినదంతా చదునే. వరిమళ్లు, ఉప్పు కయ్యలు, సముద్రం. బడిలో దేశపటం మీద కర్ర పెట్టి పర్వతాలు చూపించేటప్పుడు, తాను చూడనిదాన్ని గురించి చెబుతున్నానన్న సంకోచం ఆమెకు ఎప్పుడూ ఉండేది. ఆమె భర్త క్రీస్తురాజు పాసింజరు బండి డ్రైవరు, మాట తక్కువ మనిషి. జ్ఞానమణి వెళ్లిపోయాక అన్నాడు.

"ఇన్నేళ్లూ బండి నడిపినాను గానీ, నేను నిలబడే ఉండాను ఎలిశబెతూ. ఒకసారి నేను నడిస్తే ఎట్టుంటాదో చూద్దాం."

నడక అలవాటు చేసుకోవాలంటే ఎక్కడానికి కొండ కావాలి. చుట్టుపక్కల ఉన్న కొండ ఒక్కటే, కొండబిట్రగుంటలో. దాని మీద వెంకటేశ్వర స్వామి గుడి ఉంది. ఇద్దరూ గుడి దాకా పోయేవారు కాదు. గుడికి ఇవతల ఒక చదును బండ ఉంది, దాని మీద కూర్చుని, వెంట తెచ్చుకున్న మంచినీళ్లు తాగి దిగి వచ్చేవారు. డ్యూటీ లేని పొద్దుల్లో అలా కొన్ని నెలలు సాగింది. ఒకసారి కొండకు వెళ్లి వచ్చిన వారంలోనే క్రీస్తురాజు డ్యూటీ దిగి వచ్చి, వరండాలో కుర్చీలో కూర్చుని కాఫీ అడిగి, ఆ కుర్చీలోనే పోయాడు. గుండె ఆగిందని రైల్వే డాక్టరు అన్నాడు.

ఏడాది పాటు ఎలిశబెతు బడికీ చర్చికీ తప్ప ఎక్కడికీ పోలేదు. కొత్త సంవత్సరం వచ్చాక, ఒక శనివారం, ఎవరితోనూ చెప్పకుండా మళ్లీ కొండ వైపు నడిచింది. ఆ రోజు తిరిగి వచ్చి, రమ్మని జ్ఞానమణి రాసిన ఉత్తరానికి జవాబు రాసింది, వేసవి సెలవులకు వస్తున్నానని. కొడుకు హెబ్రోనుది వైమానిక దళంలో ఉద్యోగం, బెంగుళూరు దగ్గర. క్రిస్‌మసుకు వచ్చినప్పుడే వెళ్లాలనుందని అతనితో అంది. "నీ ఇష్టం అమ్మా" అన్నాడు. రైల్వే బడి టీచరు కాబట్టి ఓడ ఎక్కే ధనుష్కోటి దాకా రైలు పాసు ఆమెకు ఆమె పేరు మీదే ఉంది. పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టింది. ఓడ ఎక్కనివ్వడానికి కావలసిన సూదులు వేయించుకుంది. ఇక మిగిలింది కాళ్లను గట్టి చేసుకోవడమే అనుకుంది.

కానీ శనివారం ఆ స్వామి రోజు. ఆమెకు బడీ చర్చీ లేని రోజు అదొక్కటేనన్న సంగతి కొండకు తెలియదు, కొండకు వచ్చేవాళ్లకూ తెలియదు. పాలు పోసే చెంచయ్యది కొండబిట్రగుంటే. టీచరమ్మను వరసగా నాలుగైదు శనివారాలు కొండదారిలో చూసి ఎంతో సంతోషించాడు. సంతోషించినవాడు ఊరుకోలేదు. కాలనీలో పాలు పోసిన ప్రతి గడప దగ్గరా, టీచరమ్మ మా సామికి మొక్కుకున్నట్టుండాది, తెల్లచీర కట్టుకుని నిష్ఠగా ఎక్కుతా ఉండాది అని చెప్పుకుంటూ పోయాడు. పాపం, మంచి మాట చెబుతున్నాననే అనుకున్నాడు.

ఆ మాట చర్చికి చేరేసరికి ఎంత ఎత్తు పెరిగిందో ఎలిశబెతుకు ఆదివారం తెలిసింది.

ఆ రోజు ప్రార్థన చేసే వంతు కృపాదానానిది. అతను మగ్దలీనమ్మ పెద్దకొడుకు, క్రీస్తురాజుకు అన్న, గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. సంఘపెద్ద. సంఘం కోసం, దేశం కోసం, రోగుల కోసం ప్రార్థించాక, గొంతు తగ్గించి ఇలా అన్నాడు.

"ప్రభువా, మా మధ్య ఒక సహోదరి నడక తప్పి ఉండాది. ఎత్తయిన స్థలముల వైపు ఆమె అడుగులు పోతుండాయి. ఆమె నడకను నీవే సరిచేయి, తండ్రీ."

వాళ్ల భాషలో నడక అంటే నడవడి, ఎత్తయిన స్థలములంటే విగ్రహాలు ఉండే గుళ్లు. చర్చిలో అందరికీ ఆ సహోదరి ఎవరో తెలుసు. ఆడవాళ్ల బల్లల్లో తలలు వంగే ఉన్నాయి గానీ కళ్లు మూసుకున్నవి తక్కువ. మగ్దలీనమ్మ ముసుగు నుదుటి మీదకు లాక్కుంది. ప్రార్థన ముగిసి అందరూ ఆమెన్ అన్నాక ఎలిశబెతు లేచి నిలబడింది. పాతికేళ్లుగా ఆమె ఆ చర్చిలో పాట చెప్పడానికి తప్ప లేచింది లేదు.

"బావగారూ, ఈసారి పేరు పెట్టే ప్రార్థన చెయ్యండి, దేవుడు వెతుక్కోకుండా. ఆ సహోదరిని నేనే. నా నడక బాగానే ఉంది. దిగేటప్పుడు మోకాళ్లే కొంచెం నొప్పి పుడుతున్నాయి. ప్రార్థన చేస్తే వాటికి చెయ్యండి."

వెనక బల్లల్లో ఎవరో ఆపుకోలేక నవ్వారు. పాస్టరుగారు గబగబా పాట నంబరు చెప్పారు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక కృపాదానం ఎలిశబెతు ఇంటికి వచ్చాడు. చెడ్డ మనిషి కాదు. తమ్ముడు పోయిన రోజు పెట్టె చేయించడం దగ్గర నుంచి సమాధి మీద సిలువ దాకా అంతా దగ్గరుండి చూసినవాడు. కుర్చీలో కూర్చుని, పైగుడ్డతో మెడ తుడుచుకుని, మొక్కుబడి సంగతి నిజమేనా అని అడిగాడు. కాదని, నడక అలవాటుకు పోతున్నానని ఎలిశబెతు చెప్పింది. అతను గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ తరువాత సిలోను మాట చెప్పింది. వదిలిన ఊపిరి మళ్లీ బిగిసింది.

కాసేపు ఆలోచించి అతనే ఒక దారి చూపించాడు. ఆ దేశంలో ఆదాము శిఖరమని ఒక కొండ ఉందట కదా, ఆదాము పాదం అక్కడ పడిందంటారు. ఆదిపితరుని అడుగు చూడబోతున్నానంటే సంఘంలో ఎవరూ నోరెత్తరన్నాడు. తాను ఆ పక్కకు పోవడం లేదని ఎలిశబెతు అంది. పోనీ, అక్కడి టీ తోటల్లో మన విశ్వాసులు ఉన్నారు కదా, వాళ్లను పలకరించడానికి పోతున్నానంటే ఆడవాళ్ల సమాజం తరఫున ఒక ఉత్తరం కూడా ఇప్పిస్తానన్నాడు. ఎలిశబెతు తల అడ్డంగా ఊపింది. "పలకరించడానికి కాదు బావగారూ" అంది. "కనపడితే పలకరిస్తాను."

కృపాదానం ముందుకు వంగాడు. గొంతు మెత్తబడింది.

"అయితే ఒక పని చెయ్యి ఎలిశబెతమ్మా. తమ్ముడి ఆఖరి కోరిక అని చెప్పు. అబద్ధమేం గాదు గదా. వాడూ పోవాలనుకున్నోడే. నేనే లేచి సంఘంలో చెప్తా. అందురూ ఏడ్చి, ప్రార్థన చేసి, రైలెక్కించి వస్తారు."

అది ఒప్పుకుంటే అంతా సులువవుతుందని ఎలిశబెతుకు తెలుసు. ఇంటా బయటా ఎవరి ముందూ తల వంచుకోవలసిన పని ఉండదు. దాదాపు నిజం కూడా. ఆ దాదాపు దగ్గరే ఆమె ఆగిపోయింది.

"ఆయన ఆఖరికి అడిగింది కాఫీ, బావగారూ" అంది. "అది కలిపి తెచ్చేలోపు పోయినాడు. ఆఖరి కోరిక తీర్చలేకపోయిన మనిషిని నేను. ఇంకో దానికి ఆ పేరు పెట్టి తీర్చినానని చెప్పుకోలేను."

"మరి ఎందుకు పోతుండావు? ఒక కారణం ఉండాల గదా."

"చూడాలని. నడవాలని."

"అంతేనా?"

"అంతే."

"విధవరాలు సరదాకి సముద్రం దాటి పోతాదా? ఎవురికి ఏమని చెప్పుకునేది మేము?"

"సరదాకి పోతున్నదనే చెప్పండి. సెలవు నాది, పాసు నాది, కాళ్లు నావి. దేవుడు కొండలు చేసినప్పుడు వీటిని విధవరాళ్లు చూడకూడదని రాసిపెట్టినట్టు నేనెక్కడా చదవలేదు. మీరు చదివుంటే చెప్పండి, మానుకుంటాను."

అప్పుడు వంటింటి గడప దగ్గర నుంచి మగ్దలీనమ్మ మాట వినిపించింది. గట్టిగా అనలేదు. ఎన్నాళ్లుగానో లోపల నలుగుతున్న మాట కాబట్టి గట్టిగా అనవలసిన అవసరం లేకపోయింది.

"నా బిడ్డను ఆ కొండే మింగింది."

ఇద్దరూ అటు తిరిగారు.

"రాత్రంతా ఇంజను మింద నిలబడి వచ్చినోణ్ణి పండుకోనిచ్చినావా నువ్వు? కొండెక్కించినావు. వాడికి కాదనేది తెలీదు. నీ మాట మింద ఎక్కినాడు, దిగినాడు, గుండె పగిలి పోయినాడు. ఇప్పుడింకా పెద్ద కొండకి పోతావంట. పో. నన్ను అడగబాక."

అత్త మనసులో ఈ మాట ఉందని ఎలిశబెతుకు ఏడాదిగా తెలుసు. అన్నం వడ్డించేటప్పుడు గరిటె చప్పుడులో తెలుసు. కాన్వాసు బూట్లు ఎండలో ఆరబెడితే, వాటిని తప్పించుకుని చుట్టు తిరిగి పోవడంలో తెలుసు. కొన్ని తెల్లవారుజాముల్లో ఆ మాటే తనకు తాను అనుకుంది కూడా.

"డాక్టరు చెప్పింది మీరూ విన్నారు, అత్తా. అది ఇంజను మీదైనా ఆగేదే అన్నాడు."

"డాక్టర్లు అట్నే చెప్తారు, ఉన్నోళ్ల కోసం."

"కావచ్చు. మీకు నా మీద కోపం ఉంటే ఉండనియ్యండి, నేను వద్దనను. కానీ ఆ పొద్దులు తప్పని మాత్రం ఒప్పుకోను. ఒప్పుకుంటే మీ బరువు కొంచెం దిగుతుందని తెలుసు. అయినా ఒప్పుకోను. పాతికేళ్ల కాపురంలో ఆయన డ్యూటీకి పోయినాడు, వచ్చినాడు, నిద్రపోయినాడు. నా పక్కన కూర్చుని మాట్లాడింది ఆ బండ మీదే. అవి తీసేస్తే నాకేమీ మిగలదు."

మగ్దలీనమ్మ గడప మీద నుంచి లేచి లోపలికి వెళ్లింది. కృపాదానం పైగుడ్డ భుజాన వేసుకుని, వస్తానమ్మా అని ఎవరితోనో ఒకరితో అన్నట్టు అని, మెట్లు దిగాడు.

ఆ వారమంతా ఇల్లు ఇల్లులా లేదు. అత్తా కోడళ్లు ఒకరి ముందు ఒకరు కంచం పెట్టుకున్నారు, తీసుకున్నారు. కుండలో నీళ్లు అయిపోతే అయిపోయాయని ఎవరూ చెప్పలేదు. చూసినవాళ్లు నింపారు. బడిలో ఎలిశబెతు మామూలుగానే పాఠాలు చెప్పింది. ఇంటికి వచ్చి మామూలుగానే బూట్లకు సుద్ద పూసింది. ఆగడం లేదని చెప్పడానికి అంతకన్న వేరే మాట ఆమె వాడలేదు.

శుక్రవారం సాయంత్రం ఎలిశబెతు చింతకాయలు దంచుతుంటే మగ్దలీనమ్మ వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. గింజలు తీసి పక్కన పెడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఏం మాట్లాడేవాడు?"

ఎలిశబెతు రోకలి పక్కన పెట్టింది.

"నాతో మాట్లాడేవాడు గాదు" అంది మగ్దలీనమ్మ. "అన్నం తిన్నావా అంటే తిన్నా. మందు తెచ్చినావా అంటే తెచ్చినా. అంతే గదా వాడి మాటలు. అంత మాట్లాడేదానికి వాడి దగ్గర ఏముండాదని, ఈ వారం దినాలూ అనుకుంటా ఉండా."

ఎలిశబెతు చెప్పింది. మెల్లగా, గుర్తున్నవి గుర్తున్నట్టే, ఏదీ పెంచకుండా చెప్పింది. బండ మీద కూర్చుంటే తూర్పున సముద్రం గీతలా కనిపిస్తుంది. ఇవతల రైలు కట్ట, షెడ్డు, ఇంజన్లు బూడిద దులిపే చోటు కనిపిస్తాయి. అతను ఎప్పుడూ సముద్రాన్ని చూసేవాడు కాదు. బూడిద గుంటల వైపే చూసేవాడు. షెడ్డు ఇంత పెద్దది కాకముందు, నాన్న పోయిన ఏడాది నుంచీ, మా అమ్మ ఆ వేడి బూడిదలో చేతులు పెట్టి కాలీకాలని బొగ్గులు ఏరేది అనేవాడు. నన్ను కట్ట పక్కన గోనె మీద కూర్చోబెట్టేది. ఇంజను కూత వేస్తే భయపడి ఏడ్చేవాణ్ణి. అది అరవడం లేదురా, నిన్ను పిలుస్తా ఉండాది అని చెప్పేది. ఆ పిలుపుకే నేను డ్రైవరు అయినాను అనేవాడు.

మగ్దలీనమ్మ చేతిలో చింతగింజ అలాగే ఉండిపోయింది.

"వాడికి గుర్తుందా అది?"

"ఉంది. మీ చేతుల మీద బొబ్బలు కూడా గుర్తున్నాయి."

"అంత పసోడు. గుర్తుండదనుకున్నా. నేనెప్పుడూ ఎత్తలా ఆ మాట. డ్రైవరుకి నామోషీ అని."

ఆమె ఏడవలేదు. చింతపులుసు అంటిన వేళ్లను పైకెత్తి, అవి ఎవరివో అన్నట్టు, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ బండ దాకా తాను ఎక్కగలనా అని అడిగింది. నిదానంగా ఎక్కితే ఎక్కగలరని ఎలిశబెతు అంది. బావగారికి తెలిస్తే మళ్లీ ప్రార్థన పెడతారని కూడా అంది.

"వాడు సంఘానికి పెద్ద. నేను వాడికి పెద్ద" అంది మగ్దలీనమ్మ.

శనివారం పొద్దున చెంచయ్య బండి కట్టాడు. ఇప్పుడు అత్తా కోడళ్లు ఇద్దరూ వస్తున్నారని చూసి అతను కొండ వైపు తిరిగి దండం పెట్టాడు. ఎలిశబెతు దారిపొడవునా అతనికి విషయం వివరించింది. అతను అన్నిటికీ తల ఊపాడు గానీ నమ్మినట్టు కనిపించలేదు.

కొండదారి మొదట్లో పూలు అమ్మే నాగులమ్మ చాప పరుచుకుని కూర్చుని ఉంది. ఆమెను దాటి ఇద్దరూ ఎక్కడం మొదలుపెట్టారు, చెంచయ్య కొంచెం వెనకగా వచ్చాడు. మగ్దలీనమ్మ కోడలి భుజం పట్టుకుని పది అడుగులు వేసేది, ఆగేది. ఆగిన ప్రతిసారీ నేనేం ముసలిదాన్ని గాదు, దారే బాగలేదు అనేది. అంతెత్తున ఉన్న బండను చేరేసరికి ఎండ ఎక్కింది. ఎలిశబెతు ఆమెను కూర్చోబెట్టి, పక్కన నిలబడి, చేయి చాచి చూపించింది. అదిగో కట్ట, అదిగో షెడ్డు, దాని ఇవతల నల్లగా కనిపిస్తోందే, అదే.

మగ్దలీనమ్మ కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని చూసింది. కింద ఒక ఇంజను పొగ వదులుతూ ముందుకూ వెనక్కూ కదులుతోంది. ఇక్కడికి చప్పుడు రాదు.

"ఇంతేనా" అంది. "అరచెయ్యంత ఉండాదే. దాంట్లో ఎన్నేళ్లు వంగినాను. అంతకంటే లోకం లేదనుకున్నా." అప్పుడు వచ్చాయి కన్నీళ్లు. వాటిని తుడుచుకోలేదు. "వాడు ఈడ్నించి చూసినాడు గదా. చూసే పోయినాడు. మంచిదే."

ఎలిశబెతు ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. ఏడాదిలో ఇద్దరూ ఒకచోట ఏడవడం అదే మొదటిసారి. కొంతసేపటికి మగ్దలీనమ్మ చేయి విడిపించుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని, వెనక్కి తిరిగి కొండ పైభాగాన్ని చూసింది. దారి గుడి పక్కగా ఇంకా పైకి పోయింది.

"ఆ పైన ఏముండాది?"

"తెలీదు అత్తా. ఎప్పుడూ ఇక్కడి దాకే వచ్చేవాళ్లం."

"అయితే ఇంకేం నేర్చుకున్నట్టు? ఆ దేశంలో ఇంతకి పదింతలుంటాయంటివే. పో, ఆ కొస దాకా పోయి రా."

"మీరు?"

"చెంచయ్యను పిలువు, కిందికి దించుతాడు. నీడలో కూర్చుంటా. తొందరేం లేదు. చూడాల్సింది చూసే రా."

అత్తను చెంచయ్యకు అప్పగించి ఎలిశబెతు ఎక్కింది. గుడి పక్క నుంచి, ముళ్లపొదల మధ్య నుంచి, గాలి బలంగా కొట్టే చోటి దాకా ఒక్కతే ఎక్కింది. అక్కడ రాళ్లు తప్ప ఏమీ లేవు. ఉత్తరాన కనిపించేదీ దక్షిణాన కనిపించేదీ చూసి, అలుపు తీరేదాకా నిలబడి, దిగడం మొదలుపెట్టింది. మోకాళ్లు నొప్పిగానే ఉన్నాయి.

కింది మలుపు దగ్గరికి వచ్చేసరికి మాటలు వినిపించాయి. మగ్దలీనమ్మ నాగులమ్మ చాప మీదే ఒక పక్కన కూర్చుని ఉంది. చేతులు పూల దండ కడుతున్నాయి. తన దేవుడికి కాని పూలని ఆ చేతులకు తోచినట్టు లేదు.

"సిలోను పోతా ఉండాది మా కోడలు, సెలవలకి" అంటోంది.

"యాత్రా అమ్మా?" అని నాగులమ్మ అడిగింది.

"యాత్రా లేదు, మొక్కూ లేదు. ఆడ పెద్ద పెద్ద కొండలుండాయంట. చూసొస్తాది."

"ఒక్కతేనా?"

"ఒక్కతే. కాళ్లుండాయి గదా."

ఎలిశబెతు మలుపు దగ్గరే ఆగిపోయింది. కళ్లు మసకబారితే రాయి మీద చేయి వేసి నిలబడింది. కింద పూలు కొనడానికి ఇంకెవరో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. మగ్దలీనమ్మ వాళ్లకు చోటిస్తూ పక్కకు జరిగి, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.